పేస్‌మేకర్ బ్యాటరీ బాగానే ఉంది, మరి ఒంట్లో ఓపిక ఎందుకు లేదు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్ళను కదిలిస్తే వినపడే మాట దాదాపు ఒకటే ఉంటుంది. "చెకప్‌కు పోయినం, బ్యాటరీ మంచిగనే ఉందన్నరు, ఆర్నెల్లకు రమ్మన్నరు." దాని వెనకే ఇంకో మాట: "కూసున్నంత సేపు ఏం లేదు, నాలుగడుగులేస్తే దమ్మొస్తది." మిషన్ పెట్టాక కళ్ళు తిరిగి పడిపోవడం ఆగింది, అంతవరకు సంతోషమే, కానీ పొలం గట్టు దాకా నడిచే ఓపిక మాత్రం తిరిగి రాలేదు. వయసైపోయింది కదా అనో, షుగర్ ఉంది కదా అనో ఇంట్లోవాళ్ళే సమాధానం చెప్పేసుకుంటారు.

బ్యాటరీ చూడటం వేరు, సెట్టింగ్ ఆ మనిషికి సరిపోయిందా లేదా అని చూడటం వేరు. మొదటిదానికి అయిదు నిమిషాలు చాలు. రెండోదానికి ఆ మనిషి రోజంతా ఏం పని చేస్తాడో అడగాలి, కాస్త నడిపించి చూడాలి, మిషన్ లోపల దాచిపెట్టుకున్న లెక్కలు తీసి చదవాలి. రద్దీగా ఉండే ఓపీలో మొదటిది జరిగి రెండోది జరగకపోవడం మామూలే. అక్కడ ఎవరో కావాలని నిర్లక్ష్యం చేశారని కాదు, పేషెంటు "నీరసం" అని ఒక్క మాటతో సరిపెడితే అవతలివాళ్ళకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు చాలా మిషన్లలో గుండె వేగానికి కింది పరిమితి (వేగం అంతకన్నా తగ్గితే మిషన్ కొట్టిస్తుంది) నిమిషానికి 60 దగ్గర, పై పరిమితి (మిషన్ అంతకు మించి కొట్టించదు) 120 లేదా 130 దగ్గర ఉంటుంది. అవి తప్పు అంకెలు కావు, ఎక్కువ మందికి ఇబ్బంది లేకుండా నడిచిపోయే అంకెలు. దేవరకొండలో ఇల్లు దాటని 80 ఏళ్ళ ముసలమ్మకూ, మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే 40 ఏళ్ళ హమాలీకీ అవే అంకెలు ఉంచేస్తే మాత్రం ఇద్దరిలో ఒకరికి తేడా కొట్టడం ఖాయం. కోత మానాక, వైరు గుండె గోడలో కుదురుకున్నాక, రెండు మూడు నెలల్లోపు జరిగే చెకప్ చాలావరకు ఈ సవరణల కోసమే. ఆ చెకప్‌లో కుట్లు మాత్రమే చూసి పంపేస్తే మొదటి రోజు అంకెలే ఏళ్ళ తరబడి అట్లాగే నడుస్తాయి.

గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి పోతుందనుకుందాం. నిమిషానికి 60 సార్లంటే 4.2 లీటర్లు, 110 సార్లంటే 7.7 లీటర్లు. కూర్చున్నప్పుడు 4.2 చాలు. మెట్లెక్కేటప్పుడు కాళ్ళ కండరాలకు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి, ఆరోగ్యంగా ఉన్న గుండె ఆ తేడాను ఎక్కువగా వేగం పెంచే పూడుస్తుంది. వేగం పెరగకపోతే మనిషికి ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, మొదటి పది మెట్లు బాగానే ఉంటాయి, తర్వాత కాళ్ళు బరువెక్కుతాయి, నిలబడిపోవాలనిపిస్తుంది. ఇది చూసి చాలామంది నేరుగా "సార్, 60 ఉన్నది కదా, 80 పెట్టండి" అని అడుగుతారు. అక్కడే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే 60 అనేది కూర్చున్నప్పటి అంకె, ఇబ్బందేమో నడిచేటప్పుడు వస్తోంది.

ముందు ఆ పేస్‌మేకర్ ఎందుకు పెట్టారో తెలియాలి. గుండె పై గదిలో సైనస్ నోడ్ అని ఒకటి ఉంటుంది, వేగాన్ని నిర్ణయించేది అదే. కొందరికి అది మందగిస్తుంది. ఇంకొందరికి సైనస్ నోడ్ బాగానే ఉంటుంది, పరుగెత్తితే 140, 150కి కూడా వెళ్తుంది, కానీ ఆ సంకేతం కింది గదికి చేరే దారిలో బ్లాక్ ఉంటుంది. ఈ రెండు రకాల వాళ్ళకూ నీరసం వస్తే తిప్పాల్సిన మరలు పూర్తిగా వేరు. డిశ్చార్జ్ పేపర్లో సిక్ సైనస్ అనో, కంప్లీట్ హార్ట్ బ్లాక్ అనో రాసి ఉంటుంది. ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఒక్కసారి ఆ కాగితం తీసి చూస్తే సగం విషయం అక్కడే తెలుస్తుంది.

సైనస్ నోడ్ మందగించినవాళ్ళ సంగతి ముందు చూద్దాం. వీళ్ళ గుండె పనికి తగ్గట్టు తానుగా వేగం పెంచుకోలేదు. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెను గరిష్ఠ వేగంగా అంచనా వేస్తారు, గట్టిగా శ్రమ చేసినా అందులో 80 శాతం కూడా అందుకోలేకపోతే గుండె వేగం పెరగడంలో లోపం ఉందని డాక్టర్లు అనుమానిస్తారు. ఇలాంటివాళ్ళ కోసమే మిషన్‌లో సెన్సార్ ఉంటుంది. కార్డు మీద వీవీఐఆర్ అనో డీడీడీఆర్ అనో రాసి ఉంటే చివరి ఆర్ అక్షరం దాని గురించే. మిషన్‌లో సెన్సార్ ఉండటం ఒకటి, అది ఆన్ చేసి ఉండటం ఇంకొకటి, ఆన్ చేసి ఆ మనిషి నడకకు సరిపెట్టి ఉండటం మూడోది. కార్డులో ఆర్ ఉంది కాబట్టి సెన్సార్ పనిచేస్తోందని అనుకుంటే పొరపాటే.

చాలా మిషన్లలో ఉండే సెన్సార్ ఒంటి కదలికను పట్టుకునే రకం. ఛాతీ ముందుకూ వెనక్కూ ఊగితే మనిషి నడుస్తున్నాడని లెక్క వేసుకుని వేగం పెంచుతుంది. పట్నంలో పార్కులో చేతులూపుతూ వాకింగ్ చేసేవాళ్ళకు ఇది చక్కగా సరిపోతుంది. మన దగ్గరి పనులకు మాత్రం అంత బాగా కుదరదు. వరి నాట్లలో నడుము వంచి బురదలో అడుగు అడుగూ వెనక్కి జరిగే మనిషి ఎంత శ్రమ పడుతుందో చూసినవాళ్ళకు తెలుసు, కానీ ఛాతీ పెద్దగా ఊగదు కాబట్టి మిషన్ దృష్టిలో ఆమె దాదాపు నిలబడి ఉన్నట్టే. పత్తి ఏరేటప్పుడూ అంతే, చేతులు ఆడుతాయి, మొండెం నెమ్మదిగా కదులుతుంది. నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని మెల్లగా నడిస్తే బరువు సంగతి సెన్సార్‌కు తెలియదు, నడక మెల్లగా ఉందన్నది మాత్రమే తెలుస్తుంది. సైకిల్ తొక్కినా పైభాగం కదలదు. మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఒళ్ళు ఎక్కువ కుదుపుకు గురవుతుంది, అందుకే ఈ రకం సెన్సార్ ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ వేగం ఇవ్వడం డాక్టర్లకు చాలాకాలంగా తెలిసిన విచిత్రమే.

దీనికి పూర్తిగా ఎదురు సంగతి ట్రాక్టర్. డ్రైవర్ సీట్లో కూర్చుని దున్నుతున్న మనిషికి శ్రమ కొంతే, కుదుపు మాత్రం బోలెడు. సెన్సార్ దాన్ని పరుగులాగా చదివి వేగం పెంచేస్తుంది. గుంతల రోడ్డు మీద ఆటోలో వెనక సీట్లో కూర్చున్నా ఇదే. "ఊకెనే కూసున్నా గుండె దడదడ కొట్టుకుంటది" అని ఎవరైనా అంటే జబ్బు ముదిరిందని టెన్షన్ పడేముందు ఆ టైంలో ఎక్కడ కూర్చున్నారో అడగాలి. చెకప్‌లో ఈ ఒక్క వివరం చెబితే సెన్సార్ చురుకుదనం తగ్గించడమో, దాని పై పరిమితిని కిందికి దించడమో చేస్తారు.

నల్లగొండ జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరంలో నడుము బిగిసిపోయినవాళ్ళు, మోకాళ్ళు వంగనివాళ్ళు ఉన్నారు. వాళ్ళ నడకే చిన్న చిన్న అడుగులతో కర్ర ఊతంగా సాగుతుంది. మామూలు స్థాయిలో పెట్టిన సెన్సార్ ఆ కదలికను నడకగా గుర్తించకపోవచ్చు. ఆ మనిషికి పది గజాలు నడవడమే పెద్ద శ్రమ, మిషనేమో 60 దగ్గరే కూర్చుని ఉంటుంది. సెన్సార్ ఎంత చిన్న కదలికకు స్పందించాలి, స్పందించాక వేగం ఎంత నిటారుగా పెంచాలి, ఎన్ని సెకన్లలో పెంచాలి, ఆగాక ఎంత నిదానంగా దించాలి అనేవన్నీ విడివిడిగా మార్చుకునే వీలుంది. ఇలాంటి కేసుల్లో కింది పరిమితిని 60 నుంచి 80కి ఎత్తేసి ఊరుకోవడం కంటే సెన్సార్‌ను కాస్త సున్నితంగా చేయడమే ముందు చూడాల్సిన దారి.

కదలికతో పని లేని సెన్సార్లు కూడా ఉన్నాయి. ఒక రకం ఊపిరితో పాటు ఛాతీలో మారే విద్యుత్ నిరోధాన్ని కొలిచి, మనిషి ఎంత ఎక్కువగా ఊపిరి తీసుకుంటున్నాడో దాన్నిబట్టి వేగం పెంచుతుంది, దాన్ని ట్రాక్టర్ మోసం చేయలేదు. బయోట్రానిక్ కంపెనీ వాడే పద్ధతి గుండె కింది గది ప్రతిసారీ ఎంత బలంగా ముడుచుకుంటోందో గమనిస్తుంది, కాబట్టి కదలకుండా కూర్చుని కోపం తెచ్చుకున్నా వేగం కొంత పెరుగుతుంది. కొన్ని మిషన్లలో రెండు సెన్సార్లు కలిపి ఉంటాయి, ఒక్కటే ఆన్ చేసి ఉంచిన సందర్భాలూ ఉంటాయి. ఏ సెన్సార్ ఉందో మోడల్ నంబరును బట్టి చెకప్ చేసేవాళ్ళకు తెలుస్తుంది. అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు రెండో రకం, అంటే సైనస్ నోడ్ బాగుండి దారిలో బ్లాక్ ఉన్నవాళ్ళు. వీళ్ళలో కాస్త వయసు తక్కువ వాళ్ళకు వచ్చే ఇబ్బంది వేరే రకంగా ఉంటుంది. మెల్లగా నీరసం రాదు, పనిలో ఊపు మీద ఉన్నప్పుడు ఒక్కసారిగా ఎవరో స్విచ్ ఆపేసినట్టు శక్తి పడిపోతుంది. కారణం లెక్కలో ఉంది. రెండు వైర్ల మిషన్ పై గది సంకేతాన్ని విని, కొంచెం ఆగి, కింది గదిని కొట్టిస్తుంది. ఆ ఆగడం 200 మిల్లీసెకన్లు అనుకుందాం. కొట్టించాక ఇంకో 300 మిల్లీసెకన్ల పాటు పై గది నుంచి వచ్చే దేన్నీ పట్టించుకోదు, ఎందుకంటే తాను కొట్టించిన దెబ్బే వెనక్కి తిరిగి పై గదికి పోయి వినపడితే లేనిపోని గోల మొదలవుతుంది. రెండూ కలిపి 500 మిల్లీసెకన్లు, అంటే నిమిషానికి 120. హమాలీ రెండో బస్తా ఎత్తేసరికి అతని సొంత పై గది 122కి చేరిందంటే, ప్రతి రెండో సంకేతం ఆ మూసిన సమయంలో పడిపోతుంది, కింది గది ఉన్నట్టుండి 61కి దిగుతుంది. బస్తా నెత్తి మీద ఉండగా నాడి సగానికి పడిపోవడమంటే ఎట్లా ఉంటుందో ఊహించండి. 40 ఏళ్ళ మనిషికి లెక్క ప్రకారం గరిష్ఠ వేగం 180 వరకు ఉంటుంది కాబట్టి 120 దాటడం పెద్ద విషయమేమీ కాదు.

ఇతనికి కింది పరిమితి 60 ఉన్నా 80 ఉన్నా తేడా లేదు. చేయాల్సింది ఆ ఆగే సమయాన్నీ మూసుకునే సమయాన్నీ వేగం పెరిగేకొద్దీ కుదించుకునేలా పెట్టడం, ఆ తర్వాత పై పరిమితిని 140కో 150కో జరపడం. చాలా మిషన్లలో ఈ సౌకర్యం ఉంది. గుండె నాళాల్లో అడ్డంకులు లేవని డాక్టర్ నిర్ధారించుకున్నాకే ఇదంతా, ఎందుకంటే నాళాలు సన్నబడ్డ గుండెను 150తో పరుగెత్తిస్తే ఛాతీనొప్పి వస్తుంది.

అందరికంటే ఎక్కువగా తప్పుదారి పట్టేది మూడో గుంపు. వీళ్ళకు ఒకే వైరు ఉంటుంది, అది కింది గదిలో ఉంటుంది. పర్మనెంట్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళకు ఒక వైరు సరైనదే, పై గదిలో ఎటూ క్రమం లేదు కాబట్టి రెండో వైరు పెట్టినా ఉపయోగం లేదు. కానీ పై గది బాగా పనిచేస్తున్న మనిషికి ఒకే వైరు ఉంటే, మిషన్ కొట్టించినప్పుడల్లా పై గదీ కింది గదీ ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ముడుచుకుంటాయి. పై గది రక్తాన్ని తోసే క్షణానికి కింది గది తలుపులు మూసుకుని ఉంటాయి, రక్తం వెనక్కి మెడ నరాల్లోకి తంతుంది. మెడలో ఏదో కొట్టుకుంటున్నట్టుంటుంది, తల తేలిపోతుంది, బీపీ పడిపోతుంది, పనేమీ చేయకుండా కూర్చున్నా నీరసంగానే ఉంటుంది. పేస్‌మేకర్ సిండ్రోమ్ అనేది దీన్నే. అమెరికాలో 2,010 మంది సైనస్ నోడ్ పేషెంట్ల మీద జరిపిన మోస్ట్ అనే అధ్యయనం 2002లో వచ్చింది. అందులో కింది గదిని మాత్రమే కొట్టించేలా పెట్టినవాళ్ళలో వందకు 18 మందికి ఈ సిండ్రోమ్ వచ్చింది. అందరికీ రెండు వైర్లు ముందే ఉన్నాయి కాబట్టి సెట్టింగ్ మారిస్తే సరిపోయింది. మన దగ్గర ఒకే వైరుతో ఉన్న మనిషికి ఆ వెసులుబాటు ఉండదు.

వీళ్ళు నీరసం అంటే, ఎవరైనా 60ని 75 చేశారనుకోండి. ఇంతకుముందు ఆ మనిషి సొంత గుండె 65 కొట్టుకుంటూ చాలా సమయం మిషన్‌తో పని లేకుండా నడిచేది. ఇప్పుడు 75 కంటే తక్కువైన ప్రతిసారీ మిషన్ దూరుతుంది, అంటే దాదాపు రోజంతా గదుల మధ్య పొంతన పోతుంది. ఓపిక కోసం పెంచిన అంకె ఉన్న ఓపికను కూడా లాగేసుకుంటుంది. ఇలాంటివాళ్ళలో కొందరికి 50కి తగ్గించడమే మందు. లేదా 60 దగ్గరే ఉంచి, సొంత గుండె 50కి పడేదాకా మిషన్ ఓపిక పట్టేలా హిస్టెరిసిస్ అనే సదుపాయాన్ని ఆన్ చేస్తారు. నీరసానికి వేగం తగ్గించడమేంటని ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోతారు కానీ లెక్క సరిగ్గానే ఉంది. ఎంత తగ్గించినా మనిషి మిషన్ మీదే నడుస్తున్నాడంటే, రెండో వైరు వేయించాలా అన్న మాట డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

వేగం పెంచితే ఎప్పుడూ మంచిదేనా అన్న ప్రశ్నకు పరిశోధనలు కూడా ఒకే జవాబు ఇవ్వలేదు. 2007లో వచ్చిన అడెప్ట్ అధ్యయనంలో 872 మందిని తీసుకున్నారు, సెన్సార్ ఆన్ చేసినవాళ్ళ గుండె వేగం పెరిగింది కానీ రోజువారీ జీవితం మెరుగుపడలేదు. అంటే సెన్సార్ అందరికీ ఆన్ చేసేసే మీట కాదు. 2023లో ఒకే ఏడాది రెండు ఫలితాలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చాయి. అమెరికాలోని వెర్మాంట్‌లో జరిగిన మైపేస్ అధ్యయనంలో గుండె బిగుసుకుపోయే రకం హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న లేదా దాని అంచున ఉన్న 107 మందిని తీసుకుని, కొందరికి మామూలు 60 ఉంచి, మిగతావాళ్ళకు ఒంటి కొలతలను బట్టి లెక్కగట్టి సుమారు 75 పెట్టారు. ఏడాది చూస్తే 75 వాళ్ళకు ఆయాసం, నీరసం తగ్గాయి, రోజూ ఎక్కువ తిరగగలిగారు. కానీ వాళ్ళందరికీ గదుల మధ్య పొంతన చెడని రకం పేసింగ్ (మిషన్ గుండెను కొట్టించే తీరు) ఉంది, ఆ షరతు మర్చిపోయి 75 అన్న అంకె ఒక్కటే పట్టుకుపోతే పైన చెప్పిన ఒంటి వైరు కథే అవుతుంది. రెండోది మేయో క్లినిక్ వాళ్ళ ర్యాపిడ్ హెచ్ఎఫ్, 29 మందితో. అదే రకం హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకు వ్యాయామం చేసేటప్పుడు సెన్సార్‌తో వేగం పెంచి చూశారు. వేగం పెరిగింది, ఒక్కో దెబ్బకు పోయే రక్తం తగ్గింది, మొత్తం లాభం శూన్యం.

ఎందుకలా అంటే, గుండె నిండటానికి కూడా టైం కావాలి. బోరింగు కింద బిందె నిండకముందే లాగేసి ఇంకోటి పెడుతూ పోతే బిందెల సంఖ్య పెరుగుతుంది, నీళ్ళు పెరగవు. చిన్నప్పుడు కీళ్ళవాతం వచ్చి మైట్రల్ వాల్వ్ అనే గుండె కవాటం సన్నబడినవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. వాళ్ళకు వేగం పెరిగితే రక్తం ఊపిరితిత్తుల వైపు నిలిచిపోయి ఆయాసం పెరుగుతుంది. అందుకని సెట్టింగ్ మార్చేముందు ఎకో (గుండె స్కానింగ్) రిపోర్ట్ చేతిలో ఉండటం అవసరం.

ఎకో ఇంకో కారణానికి కూడా కావాలి. కింది గదిలోని వైరు రోజులో చెప్పుకోదగ్గంత పనిచేస్తూ ఉంటే, అంటే వందకు 20 దెబ్బలకు మించి దానిమీదే నడుస్తుంటే, కొందరికి కొన్నేళ్ళలో గుండె పంపింగ్ తగ్గుతుంది. అప్పుడు వచ్చే నీరసానికి ఏ అంకె మార్చినా పని జరగదు, వైరు చోటు మార్చడమో ఇంకో వైరు కలపడమో చేయాల్సి వస్తుంది. "మొదటి రెండేళ్ళు బాగుండె, ఇప్పుడే గిట్లయితుంది" అనేవాళ్ళు బ్యాటరీ కంటే ముందు ఎకో గురించి అడగాలి.

ఇక గుండెతో నేరుగా సంబంధం లేని కారణాలు. రక్తం తక్కువ ఉండటం, థైరాయిడ్, బీ12 లోపం, కిడ్నీలు, రాత్రి గురకపెట్టి ఊపిరి ఆగే జబ్బు, అదుపులో లేని షుగర్, మనసు బాగుండకపోవడం, ఇవన్నీ పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకూ వస్తాయి. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ లాంటి మాత్రలు కూడా కొందరికి ఒళ్ళు బరువుగా అనిపించేలా చేస్తాయి, పేస్‌మేకర్ పెట్టాక ఇక వేగం పడిపోదన్న ధీమాతో డాక్టర్లు వాటి డోసు పెంచడం కూడా ఉంటుంది. ఇవి సొంతంగా ఆపేయకూడదు, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం. హిమోగ్లోబిన్ 8 ఉన్న మనిషికి సెన్సార్ సరిచేయించడానికి హైదరాబాద్ దాకా తిప్పడం అనవసరపు ఖర్చు, ఆ పరీక్ష ఉన్న ఊళ్ళోనే అవుతుంది.

చెకప్ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మిషన్ ఉన్న చోట ఛాతీ మీద చిన్న పరికరం ఆనిస్తారు, వైరు దాని నుంచి ల్యాప్‌టాప్ లాంటి ప్రోగ్రామర్‌కు వెళ్తుంది. కోత లేదు, సూది లేదు. తెర మీద ముందుగా బ్యాటరీ వస్తుంది. దాని తర్వాతి పేజీల్లో హిస్టోగ్రామ్ అని ఒకటి ఉంటుంది, గత కొన్ని నెలల్లో గుండె ఏ వేగంతో ఎంత శాతం సమయం కొట్టుకుందో నిలువు కడ్డీలుగా చూపిస్తుంది. చురుకుగా తిరిగే మనిషికి కడ్డీలు 60 నుంచి 100, 110 దాకా మెట్లుగా దిగుతూ ఉండాలి. మొత్తం ఒకే కడ్డీగా 60 మీద నిలబడి, కుడివైపు ఖాళీగా ఉంటే, ఆ మనిషి నడిచినా మిషన్‌కు తెలియడం లేదని అర్థం, లేదా నిజంగానే మంచం దిగడం లేదని అర్థం. ఏది నిజమో పేషెంటే చెప్పాలి. ఆ పేజీ చూపించమని అడగండి, వీలైతే ప్రింటు తీసుకోండి, పాత సెట్టింగ్ ఏదో, కొత్తది ఏదో రాయించుకోండి. మార్చింది పడకపోతే మళ్ళీ పాతదానికి తిప్పడం రెండు నిమిషాల పని.

మార్చాక అక్కడే వరండాలో ఒక రెండు నిమిషాలు నడిపించమని అడగాలి. మామూలు నడకకు 80, 95 మధ్య, కాస్త వడిగా నడిస్తే 100 దాటి రావడం చాలామందికి సరిపోతుంది. ఒకేసారి నాలుగు అంకెలు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, అందుకని ఒకటో రెండో మార్చి కొన్ని వారాలు చూడటమే మంచి పద్ధతి. డాక్టర్ దగ్గర "నీరసంగా ఉంటుంది" అనడానికి బదులు "పొద్దున్నే బర్రెల కాడికి పోయేటప్పుడు వస్తుంది, మధ్యాహ్నం ఉండదు" అని చెబితే వాళ్ళు వెంటనే ఒక సంగతి చూస్తారు. కొన్ని మిషన్లలో నిద్ర వేళకు వేగం 50కి దిగేలా గడియారం పెట్టి ఉంటుంది, రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా అని పెట్టిన మిషన్ నాలుగింటికే లేచి పాలు పిండే మనిషికి సరిపోదు. ఇలాంటి మార్పు రెండు నొక్కుళ్ళలో అయిపోతుంది, కానీ ఆ మనిషి నాలుగింటికి లేస్తాడని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇంట్లో బీపీ మిషన్ నాడి 38 అనో 42 అనో చూపిస్తే బెంబేలెత్తే ముందు మణికట్టు దగ్గర కాకుండా ఛాతీ మీద చెవి పెట్టి లెక్కపెట్టి చూడాలి, ఎందుకంటే మధ్యలో వచ్చే తొందరపాటు దెబ్బలు బలహీనంగా ఉండి బీపీ మిషన్‌కు అందకపోవచ్చు. కానీ కళ్ళు తిరిగినా, స్పృహ తప్పినా, ఛాతీనొప్పి వచ్చినా, మిషన్ పెట్టిన చోట ఎర్రబడి వాచినా అది సెట్టింగుల వ్యవహారం కాదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

అంకె పెంచితే బ్యాటరీ తొందరగా అయిపోతుందా అని అందరూ అడుగుతారు. కొంత తగ్గుతుంది. నిమిషానికి 60 అంటే రోజుకు 86,400 దెబ్బలు, 75 అంటే 1,08,000, అన్నీ మిషన్ కొట్టించేవే అయితే ఆ తేడా బ్యాటరీ మీద పడుతుంది. ఒక్కో దెబ్బకు ఎంత వోల్టేజీ ఇస్తోందన్నది కూడా అంతే ముఖ్యం, దాన్ని అవసరానికి మించి ఉంచకుండా సరిచేస్తే ఇక్కడ పోయింది అక్కడ కొంత వస్తుంది. ప్రపంచంలో మొదటి పేస్‌మేకర్ 1958లో స్వీడన్‌లో పెట్టించుకున్న ఆర్నే లార్సన్ మొదటి మిషన్ కొన్ని గంటలే పనిచేసింది, ఆయన తర్వాత ఒకదాని తర్వాత ఒకటిగా మార్చుకుంటూ 26 మిషన్లతో 2001 దాకా బతికాడు. ఇప్పటివి ఏళ్ళ తరబడి నడుస్తాయి. బ్యాటరీ మిగల్చాలని పదేళ్ళు గడప దాటకుండా కూర్చోవడంలో అర్థం లేదు.

ఎక్కడికి వెళ్ళాలన్నది మన వైపు అసలు తలనొప్పి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది, మిషన్ పెట్టించుకోవడానికి దారి దొరుకుతోంది. పెట్టాక సరిచేయించుకోవడానికి మాత్రం నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు 100 కిలోమీటర్లు హైదరాబాద్ వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఒక కంపెనీ ప్రోగ్రామర్ ఇంకో కంపెనీ మిషన్‌ను చదవలేదు. చాలాచోట్ల ఆ ప్రోగ్రామర్ పట్టుకొచ్చేది కంపెనీ మనిషి, ఆయన రోజూ ఉండడు. కాబట్టి బస్సెక్కే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఫలానా కంపెనీ మిషన్ చూసే మనిషి ఏ రోజు వస్తాడో కనుక్కోవాలి, "బ్యాటరీ చెకప్‌కే కాదు, సెన్సార్, సెట్టింగులు చూపించుకోవాలి" అని ముందే చెప్పాలి. ఇంట్లో పెట్టుకునే రిమోట్ మానిటర్ ఉన్నవాళ్ళు దానితో ఈ పని అయిపోతుందనుకోకూడదు, మామూలుగా అది సమాచారం పంపడానికే, సెట్టింగులు మార్చడానికి మనిషి వెళ్ళాల్సిందే. కార్డు పోగొట్టుకుని ఏ కంపెనీయో తెలియకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే చాలు, మిషన్ ఆకారాన్నీ లోపలి గుర్తునూ బట్టి కంపెనీ ఏదో చెప్పగలుగుతారు.